తెల్ల శకటు, నల్ల మూల

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. అంతకుముందు మూడూ మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలోవే. అక్కడి మనిషిని ఏ ఊరని అడిగితే ఈ రోజుకీ ముందు పాలమూరంటాడు, ఊరి పేరు ఆ తర్వాతే. నేను బయలుదేరింది పాత సంస్థానాల కోటలు చూడటానికి. చూశాను. అయితే ఇంటికొచ్చాక ఎవరు కదిపినా నా నోట వస్తున్నది మాత్రం వనపర్తిలో ఒక ఆదివారం ఇద్దరు పెద్దమనుషులు ఆడిన చదరంగం గురించే. గెలుపోటములు తేలని ఆట అది. కోటలకు దక్కాల్సిన చోటు ఇక్కడ చాలావరకు ఆ ఆటకే పోతుంది. నాకు విచారం లేదు.

గద్వాలలో పొద్దున్నే దిగి స్టేషన్ బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బొరుగులు తడిపి పిండి, తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లి ఇస్తారు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న ఈ నేలను నడిగడ్డ అంటారు. ఒకవైపు కర్నూలు, ఇంకోవైపు రాయచూరు. తిండిలోనూ మాటలోనూ రెండూ కలుస్తాయి. ఆ బజ్జీ కారం కంట్లో నీళ్లు తెప్పించింది కానీ, యాత్ర మొత్తంలో అంత రుచిగా తిన్నది మరొకటి లేదు.

కోటను పదిహేడో శతాబ్దంలో పెద సోమభూపాలుడు కట్టించాడు. జనం సోమనాద్రి అంటారు. గోడలు చాలాచోట్ల కూలాయి, సందుల్లో చెట్లు వేళ్లు దించాయి. లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, సంస్థానపు చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట డిగ్రీ కాలేజీ ఉంది. కోటలో కాలేజీ ఉండటం నాకు నచ్చింది. ఆ ప్రాకారం లోపల పిల్లలు సైకిళ్లు ఆనించి పాఠాలు చదువుకుంటుంటే, ఖాళీగా పాడుబడిన కోటల్లో కలిగే దిగులు కలగదు. పండితులను పోషించిన ఊరు గనక దీన్ని విద్వద్గద్వాల అని పిలిచేవారు.

చీరల సంగతి చూడకుండా గద్వాల వదలలేం కదా. ఒక సన్నని వీధిలో మగ్గం చప్పుడు వినిపిస్తే గుమ్మంలో నిలబడ్డాను. రమ్మన్నారు. గుంట మగ్గం మీద ఇద్దరు పనిచేస్తున్నారు. గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పేక నడుమ భాగం వరకే పోతుంది, అంచు దగ్గర పట్టుపోగుతో మెలిపడి వెనక్కి తిరుగుతుంది. రెండు వేర్వేరు దారాలు ఒకదాన్నొకటి పట్టుకునే ఆ గీతే చీరకు ప్రాణం. నేసేవాడి చూపంతా అక్కడే. 2010లో ఈ చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు ఇక్కడి నేతగాళ్లు దీక్షపట్టి నేసే ఏరువాడ జోడు పంచెలు స్వామికి వెళతాయి. సంస్థానాధీశుల కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అది.

ఆ ఇంటి గూట్లో, దేవుడి పటాల కింద, రంగు పోయిన కొయ్య పావులతో చదరంగం బల్ల కనబడింది. ఎవరాడతారని అడిగాను. మగ్గం మీదున్న కొడుకు తల తిప్పకుండానే, "మా నాయిన సార్. రేపు వనపర్తిల ముసలోళ్ల పోటీ ఉంది. రాత్రి నిద్ర పోలేదు" అన్నాడు.

తండ్రి లోపలి నుంచి వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. మగ్గం దిగి కొన్నేళ్లయిందట. కళ్లద్దాల కాడలకు దారం కట్టుకుని మెడలో వేసుకున్నాడు. నాకూ ఆట కొద్దిగా వచ్చని చెప్పగానే ముఖం మారిపోయింది. చీర బేరం సంగతి ఇద్దరం మరిచిపోయాం.

"యాడికి పోతరు సార్ రేపు?"

"సోమశిల వెళదామనుకుంటున్నా."

"సోమశిల యాడికి పోతది? వనపర్తి మీదికెల్లే పోవాలె. ఒక్క పూట ఆగి ఆట చూడుండ్రి."

వెళ్లాను. ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన, అక్కడి ఆంజనేయస్వామికి కిటికీలోంచే ఒక దండం. అది శనివారం, పెబ్బేరు సంత రోజు. రోడ్డు పొడుగునా ఎడ్లు, గొర్రెలు, వాటిని తోలుకొస్తున్న ఆటోలు. బస్సు అడుగు తీసి అడుగు వేసినట్టు కదిలింది. వనపర్తిలో దొరికిన లాడ్జి గదిలో ఫ్యాను తిరిగితే లైటు వెలగదు, లైటు వెలిగితే ఫ్యాను తిరగదు. దోమలకు భయపడి ఫ్యానే వేసుకుని చీకట్లో పడుకున్నాను.

వనపర్తి రాజభవనం ఇప్పుడు ప్రభుత్వ పాలిటెక్నిక్ కాలేజీ. ఈ వంశంలోని రాజా రామేశ్వరరావు దౌత్యవేత్తగా, పార్లమెంటు సభ్యుడిగా పనిచేశారు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపారు. రాజుగారి మేడలో ఇంజనీరింగ్ డ్రాయింగ్ నేర్చుకునే పిల్లలను చూస్తే గద్వాలలో కలిగిన సంతోషమే మళ్లీ కలిగింది. 1952లో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు సురవరం ప్రతాపరెడ్డిని పంపింది కూడా ఈ వనపర్తే. ఆయన నడిగడ్డ మనిషి. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలను పక్కకు జరిపి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అన్నదానికి పేజీలకు పేజీలు ఇచ్చాడు. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఆ పుస్తకానికే వచ్చింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు.

పోటీ జరిగింది ఒక ఫంక్షన్ హాలు పక్కనున్న చిన్న గదిలో. ఊళ్లో ఆటంటే ఇష్టమున్న కొందరు చందాలేసుకుని పెట్టుకున్నది. అరవై నిండితే చాలు, ఎవరైనా ఆడొచ్చు. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే పెద్దల పోటీల్లో యాభై దాటినవాళ్లు, అరవై అయిదు దాటినవాళ్లు అని రెండు విభాగాలుంటాయి. ఇక్కడ అంత లెక్కేమీ లేదు. పదిపన్నెండు బల్లలు, చాపలాంటి ప్లాస్టిక్ బోర్డులు, అంకెల గడియారాలు. ఒక్కొక్కరికి ఇరవై అయిదు నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ పది సెకన్లు కలుస్తాయి. ఆర్బిటర్‌గా ఉన్న కుర్రవాడు ప్రతి రౌండుకు ముందు గొంతు పెంచి, "ముట్టుకున్న పావు ఆడాలె. సెల్‌ఫోన్లు బంద్ చేయుండ్రి" అని చెప్పేవాడు. అయినా రౌండుకొక ఫోను మోగేది. ఒకరి ఫోనులో సుప్రభాతం, ఒకరి ఫోనులో సినిమా పాట.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర పప్పు, అన్నం, పచ్చిపులుసు పెట్టారు. నేత పెద్దాయన రొట్టె ముక్క కొరికి పక్కన పెట్టేశాడు. ఆట ఉన్న రోజు కడుపు నిండా తినడట. అప్పుడు అడిగాను, ఎవరి దగ్గర నేర్చుకున్నారని.

"మా తాత నేర్పిచ్చిండు. గప్పటి ఆట వేరే సార్. బంటు ఒక్క గడే పోవాలె. రెండు గళ్లు దుంకుడు యాడిది? రాజుకు చెక్ పడకముందు ఒక్కసారి గుర్రం లెక్క దుంకే హక్కుండె. ఇప్పుడు ఏనుగుతోని కలిపి కోట కడుతున్నరు గదా, గది లేకుండె."

"బంటు చివరికి పోతే?"

"ఏ పావు ఇంట్ల చేరితె గా పావే. ఏనుగింట్ల చేరితె ఏనుగు, గుర్రమింట్ల చేరితె గుర్రం. అన్ని బంట్లూ మంత్రులెట్ల అయితయి?"

నా పక్కన కూర్చున్నాయన అడ్డొచ్చి, తమ ఊళ్లో రాజెదురుగా రాజు కాక మంత్రి ఉండేవాడని చెప్పాడు. ఇంకొకాయన మొత్తం పావులన్నీ పోయి బోడిరాజు మిగిలితే ఓటమి కాదని వాదించాడు. పచ్చిపులుసు చల్లారింది, వాదన చల్లారలేదు. యూరపు నియమాలు వచ్చి స్థిరపడకముందు మన దేశంలో చదరంగం ప్రాంతానికొక తీరుగా సాగేది. పంజాబు నుంచి వెళ్లిన మీర్ సుల్తాన్ ఖాన్ ఇలాంటి పద్ధతిలోనే పెరిగి, పెద్దయ్యాక కొత్త నియమాలు నేర్చుకుని, 1929, 1932, 1933లలో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. కాపబ్లాంకా అంతవాణ్ణి హేస్టింగ్స్‌లో ఓడించాడు. 2024లో, ఆయన పోయిన ఎన్నో దశాబ్దాలకు, ఫిడే గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. ఇదంతా నేను పుస్తకాల్లో చదివిందే. ఆ పద్ధతిలో ఆడిన మనిషి పక్కన కూర్చుని రొట్టె తినడం మాత్రం అదే మొదటిసారి.

చివరి రౌండులో పెద్దాయనకు ఎదురుపడింది నాగర్‌కర్నూలు వైపు నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో ఒక నోటుబుక్కు. ఇద్దరికీ పాత పరిచయం.

"ఏమన్నా, పోయినేడు కనపడలే?"

"కన్ను ఆపరేషనాయె సార్. శకటేదో బంటేదో తెలువకపోయె."

"ఇప్పుడు తెలుస్తుందా?"

"మీ శకటు బాగ కనపడుతుంది."

చేతులు కలుపుకున్నారు. తెల్లపావులు మాస్టారివి. రాజు ముందరి బంటును రెండు గళ్లు తోశారు. పెద్దాయన ఒక గడి. మాస్టారు మంత్రి ముందరి బంటును రెండు గళ్లు. పెద్దాయన మళ్లీ ఒక గడి. ఆ తర్వాత కూడా అలాగే, ఒక్కొక్క బంటునూ ఒక్కొక్క గడి, వాటి వెనక శకటులు, గుర్రాలు. చూసేవాళ్లకు భయపడి ముడుచుకున్నట్టు ఉంటుంది. మధ్యాహ్నం ఆయన మాటలు విన్నాను గనక నాకు వేరేగా కనబడింది. తాత నేర్పిన నడక అది. అరవై ఏళ్ల కిందటి చెయ్యి ఇంకా అలాగే కదులుతోంది.

మాస్టారు నెమ్మదిగా నొక్కుకుంటూ వచ్చారు. ప్రతి ఎత్తూ రాసుకునేవారు, వేశాక ఒకసారి కళ్లు మూసుకునేవారు. ఈ ఆటగాళ్లెవరికీ రేటింగులు లేవు. 2024 డిసెంబరు రేటింగు జాబితాలో 2800 దాటిన మన హనుమకొండ అర్జున్ ఇరిగేశి ఆట పక్కన పెట్టి చూస్తే వీళ్ల ఆటలో తప్పులు లెక్కపెట్టలేం. అయినా చూపు మరల్చుకోలేకపోయాను. గొప్పవాళ్ల ఆట చూస్తే మనకు అర్థంకాని చోట గౌరవం కలుగుతుంది. వీళ్ల ఆటలో ఎవరు ఎక్కడ తడబడ్డారో, ఎందుకు వెనక్కి తగ్గారో, ఏ ఎత్తుకు ఎంత ధైర్యం కావలసి వచ్చిందో అంతా ముఖంలోనే తెలుస్తుంది.

మంత్రులు పోయారు. ఏనుగులు ఒక జత, ఆ తర్వాత రెండో జత. బయట పెళ్లి బ్యాండు సాధన చేస్తున్నారు. లోపల మాస్టారు చాలాసేపు ఆలోచిస్తున్నారు. నా మనసు ఆ ఊరి పాత రోజుల మీదికి పోయింది. ఈ నేల మీద చదరంగం వట్టి కాలక్షేపం కాదు. అష్టావధానంలో కవి ఒకవైపు సమస్య పూరిస్తూ, నిషిద్ధాక్షరికి తలొగ్గుతూ, పడిన గంటలు లెక్కపెట్టుకుంటూ, మరోవైపు చదరంగం కూడా ఆడేవాడు. ఎనిమిది పనుల్లో అదీ ఒకటి. తిరుపతి వెంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాల గడప తొక్కిన అవధానులు. పద్యం మధ్యలో ఆపి గుర్రాన్ని జరిపి మళ్లీ పద్యమందుకున్న మనిషి బుర్ర ఎలా పనిచేసి ఉంటుందో ఊహించడం నా వల్ల కాలేదు. సంస్కృత చిత్రకవిత్వంలో అయితే గుర్రం నడకే పద్యమైంది. అక్షరాలను గళ్లలో పేర్చి, గుర్రం దూకే దారిలో చదివితే మళ్లీ పద్యం వచ్చేలా తొమ్మిదో శతాబ్దపు రుద్రటుడు తురగబంధం కూర్చాడు. వేదాంతదేశికుల పాదుకాసహస్రంలోనూ ఉంది. తెలుగులో బొడ్డుచర్ల తిమ్మన కథ ఉండనే ఉంది. శ్రీకృష్ణదేవరాయల్ని చదరంగంలో గెలిచి కొప్పోలు అగ్రహారం పొందాడని చాటువులు చెబుతాయి. రాయలంతటి రాజును ఓడించడానికి ఆటతో పాటు గుండె కూడా కావాలి.

తల తిప్పేసరికి బల్ల మీద కొన్ని పావులే మిగిలాయి. ఇక్కడి నుంచి ప్రతి ఎత్తూ నాకు గుర్తుంది.

మాస్టారికి రాజు, తెల్లగళ్లలో తిరిగే శకటు, కుడివైపు చివర రెండు బంట్లు ఉన్నాయి. ఒకటి అంచు వరుసలో, ఒకటి దాని పక్క వరుసలో. పెద్దాయనకు రాజు, ఒక గుర్రం. బంటు ఒక్కటీ లేదు. చుట్టూ చేరినవాళ్లందరికీ ఆట అయిపోయింది. ఒకాయన కుర్చీలో జారబడి, "ఇగ లేచి చెయ్యి కలుపుతె పోయె" అని గొణిగాడు కూడా. ఆర్బిటర్ వేలు పెదాల మీద పెట్టి చూశాడు.

మాస్టారు లోపలి బంటును ముందుకు పంపారు. ఇంకో గడి. ఇంకో గడి. అంచు బంటు రెండు గళ్ల వెనక ఉండిపోయింది. ముందు బంటుకు శకటు కాపలా, రాజు కాపలా, ఇంకేం భయం? పెద్దాయన కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. గడియారంలో ఆయనకు రెండు నిమిషాలు కూడా లేవు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. గుర్రాన్ని ఎత్తి, ఆ బంటును తీసేశాడు.

గుర్రం పోయింది. మాస్టారు వెంటనే శకటుతో చంపారు. నా వెనక ఎవరో "అయ్యో తాతా" అన్నారు. గదిలో ఉన్న మిగతా బల్లలవాళ్లు కూడా తిరిగి చూశారు. ఒక్క బంటు కోసం ఉన్న ఒక్క పావునూ ఇచ్చేశాడు. ఇప్పుడాయనకు బోడిరాజు తప్ప ఏమీ లేదు. ఎదుట ఒక శకటు, ఒక బంటు, రాజు.

పెద్దాయన తన రాజును పట్టుకుని మూలకు నడిచాడు. అప్పుడు మాస్టారి పెన్ను ఆగింది.

ఆట తెలియనివాళ్ల కోసం చెబుతాను. అంచు వరుసలో ఉన్న బంటు మంత్రి కావాలంటే మూల గడికి చేరాలి. ఆ మూల గడి నల్లది. మాస్టారి శకటు తిరిగేది తెల్లగళ్లలో. అది వెయ్యేళ్లు తిరిగినా ఆ నల్ల మూలను తాకలేదు. కాబట్టి బోడిరాజు ఆ మూలలోకి పోయి కూర్చుంటే అక్కడి నుంచి లేపగల శక్తి బల్ల మీద లేదు. శకటు మరో రంగుదై ఉంటే పెద్దాయన ఓడేవాడు. మిగిలిన బంటు అంచుది కాక పక్కదై ఉన్నా ఓడేవాడు. ఆయన ఇచ్చింది గుర్రాన్ని. కొన్నది మూల గడి రంగును.

మాస్టారు ఊరికే వదల్లేదు. గడియారంలో సమయమున్నంత వరకూ అన్ని దారులూ వెతికారు. రాజును దగ్గరికి తెచ్చారు, శకటును దూరం పంపి మళ్లీ తెచ్చారు, బంటును ఆపి చూశారు. పెద్దాయన రాజు మూలలోకి, పక్క గడికి, మళ్లీ మూలలోకి. ఒక్కసారి కూడా తొందరపడలేదు. బంటు కదలకుండా, పావు చావకుండా యాభై ఎత్తులు గడిస్తే డ్రా అడగొచ్చు. అంతవరకూ పోలేదు. చివరికి మాస్టారు ఒక నిట్టూర్పు విడిచి, బంటును మూలకు ఒక గడి ఇవతల దాకా నెట్టారు. నల్లరాజుకు చెక్ లేదు, అడుగు వేయడానికి గడీ లేదు. స్టేల్‌మేట్. చెరో అర పాయింటు.

1984లో కార్పోవ్, కాస్పరోవ్ మాస్కోలో మొదలుపెట్టిన ప్రపంచ చాంపియన్ పోరు 48 ఆటలు సాగి, వాటిలో 40 డ్రాలై, తేలకుండానే ఆగిపోయింది. అప్పటి నుంచి డ్రా అంటే విసుగని చాలామంది అనుకుంటారు. ముందే ఒప్పుకుని చేతులు కలిపే డ్రాల గురించి నాకూ ఆ విసుగుంది. వనపర్తిలో చూసింది వేరు. ఒకరు గెలవడానికి ఉన్నదంతా పెట్టారు. ఇంకొకరు ఓడకుండా ఉండటానికి ఉన్నదంతా ఇచ్చేశారు. ఆటకు ఇంతకన్నా నిజాయితీ ఏముంటుందో నాకు తెలియదు.

మాస్టారు లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి పెద్దాయన భుజం పట్టుకున్నారు. "అన్నా, గుర్రాన్నిస్తవని నాకు తట్టలే."

"మూల గడి రంగు చూసిన సార్. అంచు రంగు చూడకుంట నేస్తె చీరంత పోతది గదా."

బహుమతులు వేరే ఇద్దరికి వెళ్లాయి. వీళ్లిద్దరూ కింది వరుసల్లో ఎక్కడో ఉన్నారు. ఆ జాబితా ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. టీలు తాగుతూ మళ్లీ అదే బల్ల ముందు చేరారు. నన్ను పిలిచి కూర్చోబెట్టారు. టీలో చక్కెర మరీ ఎక్కువ, అయినా రెండోది తీసుకున్నాను.

మర్నాడు బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూలు వెళ్లాను. దారిలో నంది వడ్డెమాన్ దగ్గర దిగాను. ఒకప్పటి వర్ధమానపురం అది, గోన వంశం వాళ్ల రాజధాని. రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి ఆ వంశంవాడే. పాత రాళ్ల మధ్య కాసేపు తిరిగాను కానీ, మనసు అక్కడ నిలవలేదు. మాస్టారు పొద్దుగూకే లోపు రమ్మన్నారు.

మాస్టారి ఇల్లు కేసరిసముద్రం చెరువుకు పోయే దారిలో ఉంది. అరుగు మీద చాప, చాప మీద బల్ల ముందే సిద్ధంగా ఉన్నాయి. వాళ్లావిడ పల్లీలు వేయించి తెచ్చారు. మాస్టారు నోటుబుక్కు తెరిచారు. ప్రతి ఎత్తూ తెలుగు అక్షరాల్లో ఉంది. గుర్రానికి గు, శకటుకు శ, గళ్లకు అంకెలు. ఏళ్లతరబడి ఆడిన ఆటలన్నీ అలాంటి పుస్తకాల్లోనే ఉన్నాయి. ఓడినవి కూడా అంతే శ్రద్ధగా రాసి పెట్టుకున్నారు.

గుర్రం పోయే ముందరి స్థితిని బల్ల మీద పేర్చారు. లోపలి బంటును వేలితో వెనక్కి జరిపారు.

"దీన్ని ఒంటరిగ పంపిన, అదే తప్పు. అంచు బంటును ఒక్క గడి వెనకనే నడిపిచ్చి ఉంటే, గుర్రం దీన్ని కొట్టినప్పుడు అంచు బంటుతోనే తిరిగి కొట్టేది. అప్పుడు బంటు అంచు వరుస వదిలి లోపలికొచ్చేది. మూల సంగతే ఉండకపోవు. గెలుపే."

వేసి చూపించారు. నిజమే. రాత్రంతా అదే ఆలోచించారట. ఆయన గొంతులో బాధ లేదు, లెక్క తేలిన తృప్తి ఉంది. ముప్ఫై ఏళ్లు పిల్లల తప్పు లెక్కలు దిద్దిన మనిషి తన లెక్క తానే దిద్దుకున్నారు. వెంటనే ఫోను తీసి గద్వాలకు కలిపారు.

"అన్నా, దొరికింది. అంచు బంటు ముందు పోవాల్సుండె."

అటునుంచి మాట నాకు వినబడింది. "నాకు గప్పుడే తెలుసు సార్. మీరు చూడొద్దని దేవునికి మొక్కుకున్న."

ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. వచ్చే ఏడాది పోటీకి ముందు గద్వాలలో ఒకసారి కూర్చుందామని అనుకున్నారు. పాత పద్ధతిలో ఆడదామని మాస్టారే అన్నారు. ఆ నియమాలు ఆయనకు సగమే గుర్తున్నాయట. చిన్నప్పుడు వాళ్ల ఊరి పట్వారీ అరుగు మీద ఆడేవారని, కానీ రాజు గుర్రం దూకుడు ఎప్పుడు చెల్లుతుందో అక్కడి నియమం వేరేగా ఉండేదని చెప్పారు. గద్వాలకూ నాగర్‌కర్నూలుకూ మధ్య కృష్ణ ఒక్కటే అడ్డం. ఆట మాత్రం రెండు తీర్లు.

నాగర్‌కర్నూలులోనే ఉండేవారు కపిలవాయి లింగమూర్తి. 1928లో పుట్టి 2018లో కన్నుమూసేదాకా పాలమూరు గుళ్ల చరిత్రలు, ఊళ్ల చరిత్రలు వెతికి పుస్తకాలుగా వేశారు. ఆయన రాసిపెట్టకపోతే ఎన్ని గుళ్ల కథలు ఆ గుళ్లతోనే పోయేవో. మాస్టారి అరుగు మీద కూర్చుని ఆయన్ను తలుచుకున్నాను. రాయి ఎంత పాతదైనా వందేళ్లు ఆగి చూడొచ్చు. పాత చదరంగం డెబ్భై, ఎనభై ఏళ్ల మనుషుల చేతివేళ్లలో ఉంది. ఆ మనుషులు వంద ఏళ్లు ఆగరు.

సోమశిలకు వెళ్లాను, కృష్ణ చూశాను, కొల్లాపూర్‌లో మామిడి పూత చూశాను. అన్నీ బాగున్నాయి. కాయల కోసం వేసవిలో మళ్లీ రావాలి.

చదువుతున్న మీ ఇంట్లోనో, మీ వీధిలోనో పాత తీరు చదరంగం ఆడిన పెద్దవాళ్లుంటే ఈ వారమే వాళ్ల ముందు బల్ల పరిచి కూర్చోండి. పావులు ఎలా పేర్చేవారు, బంటు ఎన్ని గళ్లు నడిచేది, ఏ ఇంట్లో చేరితే ఏ పావయ్యేది, రాజుకు ఆ ఒక్క దూకుడు ఎప్పుడు దక్కేది, బోడిరాజు మిగిలితే ఆటను ఏమనేవారు, ఇవన్నీ అడిగి ఊరి పేరుతో సహా ఒక నోటుబుక్కులో రాయండి. తర్వాత ఒక ఆట ఆడి, ఆ ఎత్తులు కూడా రాసి పెట్టండి.